రాళ్లు చూసే సీటు

ఏప్రిల్ 11

పడవ ప్రయాణానికి పర్మిట్ వచ్చింది. జూన్ 18న బయలుదేరాలి. తొమ్మిది సరస్సులు. ఆఖరిది గార్నెట్. అంత దూరం ఏడాదికి నాలుగు పడవలు వెళితే గొప్ప.

రెయినో రాడు. తుంటి ఆపరేషన్ అయిన మొగుణ్ణి పడవ ఎక్కించలేను. పోనీ ఈ ఏడు మానేద్దాం మోరా అన్నాడు. మాననన్నాను. అయితే హెల్విని తీసుకెళ్లు అన్నాడు. చెల్లెలంటే ఆయనకి ప్రాణం. నాకేమో ప్రాణం మీదకి వస్తుంది.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. హెల్వి ఇద్దరు మొగుళ్ల పెట్టు. నా పెళ్లినాటి నుంచి ఎదురింట్లో కూర్చుని నా వంట మీదా నా కర్టెన్ల మీదా తీర్పులు చెబుతూనే ఉంది.

ఏప్రిల్ 12

డాక్టరు చెప్పింది ఇక్కడ రాస్తాను, ఇంకెవరికీ చెప్పను. కుడికంటి చూపులో నడుమ భాగం ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎడమది మొదలైంది. అంచులు మిగులుతాయట, నడుమ మిగలదట. వచ్చే వేసవికి మనుషుల ముఖాలు పోల్చుకోలేకపోవచ్చు అన్నాడు.

గార్నెట్‌లో పడవ మీంచి చూస్తే అడుగున చేపలు తిరగడం కనిపిస్తుంది. అది ఇంకొక్కసారి చూడాలి. రెయినోకి తెలిస్తే పర్మిట్ చింపేస్తాడు. నా మీద ప్రేమతోనే చింపుతాడు. అందుకే చెప్పను.

ఏప్రిల్ 20

హెల్వి వచ్చి టేబుల్ నిండా మ్యాపులు పరిచింది. కూర్చోకముందే, వెనక సీటు నాది వదినా అంది.

వెనక కూర్చున్నవాళ్లు పడవ తిప్పుతారు. ముందున్నవాళ్లు తెడ్డు వేస్తూ నీళ్లలో రాళ్లు చూసి చెప్పాలి. ఇన్నేళ్లూ రెయినో వెనక, నేను ముందు. ఇప్పుడు నేను ముందు కూర్చుంటే ఇద్దరం మునుగుతాం. తిప్పేది నేనే అన్నాను.

అన్నయ్య మంచం ఎక్కాడో లేదో సీటు మీద పడ్డావా అంది. నాకు మా నాన్న ఏడో ఏట నేర్పాడు, నీకెవరు నేర్పారమ్మా, టీవీయా అంది. మీ అన్నయ్య ఎన్ని తప్పులు చేస్తాడో ముందు కూర్చుని విని నేర్చుకున్నానన్నాను. మ్యాపులు చుట్టుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 27, శనివారం

ఆవిరి స్నానం. హెల్వి పెరట్లో వాళ్ల నాన్న కట్టిన చెక్క గది. లోపల తగవు పనికిరాదు, అది వాళ్లింటి కట్టుబాటు. చర్చిలో ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉండాలి. ఇద్దరం ఒళ్లు ఉడికేదాకా నోరు మెదపకుండా కూర్చున్నాం.

బయటికొచ్చి టవల్ చుట్టుకుందో లేదో, ముందు కూర్చుంటే నీ పరువు పోతుందా వదినా అని అందుకుంది.

మే 6

దారిలో తినడానికి కీమా వండి ఎండబెట్టాను. హెల్వి నోట్లో వేసుకుని, ఇదుంటే ఎలుగుబంట్ల భయం లేదు, వాసన చూసి అవే పోతాయంది.

ఒక టెంట్ చాలు, మోసే బరువు తగ్గుతుందని కూడా అంది. నీ గురకకి వేరే టెంట్ కాదు, వేరే సరస్సు కావాలన్నాను.

మే 10

సరస్సు మీద మంచు విడిపోయింది. కిటికీ చట్రం నాకు వంకరగా కనిపిస్తోంది.

మే 23

రెయినో తీర్పు ఇచ్చాడు. ఊరి సరస్సులో ఒకసారి తిరిగి రండి, హెల్వి వెనక, నువ్వు ముందు అన్నాడు. అన్నాచెల్లెళ్లు ఒకటైతే నేనెంత. కాదంటే కారణం చెప్పాలి. వెళ్లాను.

రాయి నీళ్లకి జానెడు కింద ఉంది. తెల్లటి రాయి, చంటిపిల్లకైనా కనిపించేదే. పడవ దాని మీదకెక్కింది. అడుగున అరచేయంత పగులు. కాళ్ల కిందకి నీళ్లొచ్చాయి.

హెల్వి అరుస్తుందని చూశాను. అరవలేదు. అప్పుడే నాకు భయం వేసింది. ఒడ్డుకి చేరాక ఎదురుగా నిలబడి చాలాసేపు నన్ను చూసింది. ఏం ముఖం పెట్టిందో నాకు తెలియలేదు.

మే 25, శనివారం

ఎదురింటి పెరట్లో పొగ లేదు. నా పెళ్లయ్యాక ఆవిరి స్నానం లేని శనివారం ఇదే.

మే 28, మంగళవారం

ఇవాళ పొగ వచ్చింది. రమ్మని కబురు పంపింది. ఎందుకో అర్థమైంది. లోపల తనూ అరవకూడదు, నేనూ బుకాయించి తగవు పెట్టుకోకూడదు.

నా ముఖం కనిపిస్తోందా వదినా అని అడిగింది. చెవులు కనిపిస్తున్నాయన్నాను. ఎప్పటినుంచి అంది. చెప్పాను. వచ్చే వేసవి సంగతీ చెప్పాను, గార్నెట్ చేపల సంగతీ చెప్పాను. ఏడ్చాను. హెల్వి ఆవిరి కోసం కాలిన రాళ్ల మీద ఇంకో చెంబు నీళ్లు పోసింది.

బయటికి రాగానే నిప్పులు చెరిగింది. నన్ను చంపుదామనుకున్నావా అంది. ఈ మంచునీళ్లలో పడితే ఎంతసేపు బతుకుతాం, నీకు తెలియదా అంది. పొగరనుకున్నాను, పొగరే నయం, ఇది దొంగతనం అంది. రేపు పొద్దున్నే అన్నయ్యకి చెప్పేస్తానంది. చెప్పుకో అన్నాను.

తను అన్నది అబద్ధమేమీ కాదు. అదే నా మంట. ఈ మనిషిని నేను జన్మలో ఇష్టపడలేను.

మే 29

పొద్దున్నే వచ్చింది. నేను పొయ్యి దగ్గరే ఉండిపోయాను. రెయినో మంచం పక్కన నిలబడి, పడవని రాయికి కొట్టింది నేనే అన్నయ్యా అంది. రాయి రాయి అని వదిన అరుస్తూనే ఉంది, నేనే తిప్పలేకపోయాను, చెయ్యి పట్టేసింది అంది.

హెల్వి రాయికి కొట్టడమా. నాన్న ఉంటే సిగ్గుపడేవాడు అన్నాడు రెయినో. ఆ మాట తనకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. తల వంచుకుని మాట పడింది. అయితే నువ్వు ముందు కూర్చో, మీ వదినని తిప్పనీ అని ఆయనే తేల్చాడు.

గుమ్మం దాకా వెళ్లాను. అన్నయ్యకి అబద్ధం చెప్పడం నాకిదే మొదలు, ఇది మాత్రం నిన్ను క్షమించను వదినా అంది. నేను అడగలేదుగా అన్నాను. అడిగుంటే చెప్పేదాన్నే కాదంది.

జూన్ 17

పడవ అతుకు గట్టిపడింది. రెండు టెంట్లు సర్దుకున్నాం, తనదీ నాదీ. నా ముఖం చూడటం ఇష్టం లేనివాళ్లకి వెనక సీటే మంచిది, పది రోజులూ నా వీపు చూసుకో అంది. ఆ వీపు కనిపించేంత వెడల్పే ఉందిలే అన్నాను.

జూన్ 19

రెండో సరస్సు. రాయి, కుడివైపు అంది. ఉందో లేదో నేను చూడలేదు. తిప్పాను.

జూన్ 23

గార్నెట్. చేపల కోసం నీళ్లలోకి సూటిగా చూస్తూ కూర్చున్నాను. ఏమీ లేదు, మసక తప్ప. హెల్వి తెడ్డు పైకెత్తి, వెనక్కి తిరగకుండానే, అలా గుచ్చి చూడకు వదినా, పక్కకి చూడు, కంటి అంచులోకి రానీ అంది. తిట్టినట్టే అంది.

కనిపించాయి.