చప్పుడు లేని బండి

బావమరిదికి, బావ ఆశీస్సులు.

నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి బస్సు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నీ షెడ్డు ముందే బస్సు ఆపుతాడు. అందలేదని అనకు.

పెట్రోలు బండి పొట్ట కోసి, ఇంజను తీసేసి, బ్యాటరీ మోటారు బిగించి పంపావు. చూడగానే మీ అక్క, “బతికున్నదాన్ని చంపాడు” అంది. నేనూ నమ్మలేదు. నిన్న పాలవ్యాను మా వీధి దాటగానే ఎప్పటిలాగే బయలుదేరాను. మిల్లు దాకా ఇరవై నాలుగు కిలోమీటర్లు. చప్పుడు లేదు, పొగ లేదు. చేరేసరికి పని మొదలయ్యే సైరన్ మోగనే లేదు! పాత బండి మీద పదకొండేళ్లు తిరిగాను. గేటు లోపల బండి ఆపడం, సైరన్ మోగడం ఒక్కసారే జరిగేవి. నిన్న దారం కండెల గంప మీద కునుకు కూడా తీశాను. మిగతావాళ్లంతా మిల్లు క్వార్టర్సులోనే ఉంటారు. సైరన్ వింటే గాని లేవరు. బయటి నుంచి వచ్చేది నేనొక్కణ్ణే.

నీ చేతిలో పనితనం ఉందిరా.

మీ బావ

తా.క.: నిన్న సైరన్ మనిషికి ఏమైందో, తొమ్మిదింటికి మేనేజరు వచ్చేదాకా మోగించలేదు. మేనేజరు నానా తిట్లూ తిట్టాడు. పాపం, ముసలాయన. పదేళ్లు ఒక్కరోజూ ఆలస్యం కాలేదని మిల్లువాళ్లు నాకు బహుమతిచ్చిన గోడగడియారం మిల్లులో నా పెట్టెలోనే ఉంది కదా, అది నిన్ననే ఆయనకిచ్చేశాను. నాకు గడియారమెందుకు?

⁂

బావగారికి నమస్కారాలు.

మీరు మెచ్చుకోవడం నా పెళ్లిచూపుల తర్వాత ఇదే మొదలు. ఉత్తరాన్ని షెడ్డు గోడకు అంటించాను. వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నాను. ఇద్దరు తమ బండ్లూ మార్చమని వదిలి వెళ్లారు.

మీ బావమరిది

తా.క.: పాత ఇంజను గురించి బెంగ వద్దు. ఇటుక బట్టీవాళ్ల నీళ్ల పంపుకు బిగించాను. మైలు దూరం వినబడుతోంది.

⁂

బావమరిదికి,

ఆ ఉత్తరం గోడమీంచి పీకెయ్.

మొదటి రోజు ఎగిరిన బండి మర్నాటి నుంచి పాకుతోంది. నేను గేటుకు ఇంకా ఆమడ దూరంలో ఉండగానే సైరన్ మోగుతోంది. సైరన్ తర్వాత గేటు దాటితే పేరు పక్కన ఎర్రగీత. మూడు గీతలకు ఒక నోటీసు, మూడు నోటీసులకు ఇంటికి. పదకొండేళ్లలో ఎర్ర సిరా ఎరగని పేరు నాది. మొదటి నోటీసు జేబులో ఉంది. తోటివాళ్లు “గడియారంగారు ఆగిపోయారే!” అని వేళాకోళం చేస్తున్నారు.

పది నిమిషాలు ముందు బయలుదేరమని మీ అక్క సలహా. తప్పు బండిదైతే నేనెందుకు ముందు బయలుదేరాలి?

మీ బావ

⁂

బావగారికి నమస్కారాలు.

మోటారుకు వేగం తగ్గడమనేది లేదు. బరువే పెరిగి ఉంటుంది. వెనక సీటు, క్యారియరు, ఫుట్‌రెస్టులు తీసేయించండి. మీరు రాత్రి భోజనం కాస్త తగ్గించినా తప్పులేదు.

మీ బావమరిది

తా.క.: ఉత్తరం పీకలేదు. మీ సంతకం కనబడకుండా కిందిభాగం మడిచాను.

⁂

ఒరే మెకానిక్కూ,

సీటు తీశాను. క్యారియరు తీశాను. టిఫిను డబ్బా మెడకు తగిలించుకుని వెళుతున్నాను. వెనక కూర్చోవడానికి చోటులేక మీ అక్క సంతకు నడిచి వెళ్లింది, నడుస్తున్నంత సేపూ నిన్ను తలుచుకుంది. అయినా ఎర్రగీతే. రెండో నోటీసు వచ్చింది. ఇంకో మూడు గీతలు, అంతే. ఈ వయసులో నాకు కండెలు మార్చడం తప్ప మరో పని రాదు.

వచ్చి చూడు. రాకపోతే మీ అక్కను పంపిస్తాను.

మీ బావ

⁂

బావగారికి,

మంగళవారం మీకు చెప్పకుండా మిల్లుకు వచ్చాను. వైర్లు చూసే మనిషినని చెప్పి సైరన్ గదిలో కూర్చున్నాను. మీరిచ్చిన గడియారం ప్రకారం మీరు గేటు దాటింది ఏడూ ఆరు నిమిషాలకు. సైరన్ ఏడింటికి.

ముసలాయన్ని అడిగాను. ఆయన మాటలే రాస్తున్నాను: “నా వాచీ ఎప్పుడో ఆగిపోయింది బాబూ. ఆ బండాయన ఒక్కరోజూ ఆలస్యంగా రాడని మిల్లంతా చెప్పుకునేది. నేనూ ఆయన్నే నమ్ముకున్నా. గేటు లోపల ఆ బండి చప్పుడు ఆగగానే మీట నొక్కేవాణ్ణి. పదకొండేళ్లు. ఆ రోజు చప్పుడే రాలేదు. ఆయన రాలేదంటే ఇంకా వేళ కాలేదనుకుని కూర్చున్నా. ఇప్పుడు బాధ లేదు, ఆయనే గడియారమిచ్చాడు, దేవుడులాంటి మనిషి.”

పాత బండికి ఆ దారి యాభై నిమిషాలు. పాలవ్యాను మీ వీధి దాటేది ఆరూ ఇరవైకి. లెక్క మీరే వేసుకోండి. నా మోటారు మిమ్మల్ని నాలుగు నిమిషాలు ముందే చేరుస్తోంది.

దయచేసి పది నిమిషాలు ముందు బయలుదేరండి.

మీ బావమరిది

తా.క.: గడియారం మీద “ఎన్నడూ ఆలస్యం ఎరగనివారికి” అని చెక్కి ఉంది. ముసలాయన రోజూ తుడుస్తున్నాడు.

⁂

బావమరిదికి, బావ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందేలోపే మూడో నోటీసు అందింది. మేనేజరు సంజాయిషీ రాసిమ్మన్నాడు. నిజం రాస్తే ముసలాయన ఉద్యోగం పోతుంది, నా పదకొండేళ్లూ పోతాయి. అందుకని బండి చెడ్డదనీ, కట్టినవాడు చేతకానివాడనీ రాశాను. ఏమీ అనుకోకు.

మేనేజరు కరిగాడు. ఇంటికి పంపలేదు. బండి మానేసి క్వార్టర్సులో ఉండమన్నాడు. ఖాళీగా ఉన్నది సైరన్ పక్క గదే. ఇక్కణ్ణుంచి పనికి నలభై అడుగులు. బండిని గోడకు ఆనించి గుడ్డ కప్పాను. సైరన్ నెత్తిన తాను కాపురం చెయ్యనని మీ అక్క సామాను సర్దుకుని ఇదే బస్సులో నీ దగ్గరికి వస్తోంది. బండి మీద దింపుదామంటే వెనక సీటు నువ్వే పీకించావు.

మీ బావ

తా.క.: గడియారంలో సెల్లు అయిపోయింది. ముసలాయన కొత్తది వెయ్యలేదు. పొద్దున నేను గది గొళ్లెం తీసే చప్పుడు విని, నలభై అడుగులు లెక్కపెట్టి మీట నొక్కుతున్నాడు. ఈ వారం ఒక్క ఎర్రగీతా లేదు.