దడ తగ్గింది, కోపం తగ్గలేదు

అనసూయా, పప్పు ఉడికింది, తాలింపు నువ్వే పెట్టుకో. మీ ఆయనకి ఇప్పుడే చెప్పకు, రిక్షా ఎక్కి వెనకే వచ్చేస్తాడు. చాదర్‌ఘాట్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్తున్నాను.

మీ మామగారు పోయిన పదోనాడు అందరి ముందూ "నీ పాదమే మా తమ్ముణ్ణి మింగిందే" అంది. ఎప్పుడు జవాబు చెబుదామన్నా గుండె దడదడలాడి నోరు పెగిలేది కాదు. ఆబిడ్స్ డాక్టరు గుండెకెళ్ళే నరాల జోరు తగ్గించే మాత్ర ఇచ్చాడు కదా, కోపం కూడా తగ్గుతుందన్నాడు. దడ తగ్గింది. కోపం చెక్కుచెదరలేదు. ఇవాళ వాళ్ళింట బారసాల, చుట్టాలంతా ఉంటారు. మంచాన పడ్డ తమ్ముణ్ణి చూడ్డానికి ఒక్కపూటైనా ఎందుకు రాలేదని నిదానంగా అడుగుతాను.

వస్తూ పిల్లలకి మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలాలు తెస్తాను.

మధ్యాహ్నం మాత్ర కొంగున కట్టుకున్నాను. మరచెంబుతో నీళ్ళూ పట్టుకెళ్తున్నాను, ఆవిడింట గుక్కెడు ముట్టను.