తడి ఆరకముందే

ఊరు కాని ఊళ్లో గోడలు కడుతున్న మీకు,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. ఉత్తరం మడిచే ముందు అత్తయ్యకు చదివి వినిపించాలి కదా, అందుకని రాయదగినవి మాత్రమే రాస్తున్నాను.

అత్తయ్య మడమల పగుళ్లు ఎక్కువైతే ఆస్పత్రికి తీసుకెళ్లాను. నర్సమ్మ చూసి, "ఇవి కాళ్లా, ఎండిన చెరువా?" అంది. "మందివ్వమ్మా, చేపలు పట్టమనలేదు" అన్నారు అత్తయ్య. తర్వాత ఇద్దరికీ స్నేహం కుదిరింది.

నర్సమ్మ చెప్పినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. మరీ వేడినీళ్లు పోసుకోకూడదట. తువ్వాలుతో రుద్దకుండా ఒత్తుకోవాలట. ఒంటి మీద తడి ఆరకముందే నూనె రాసుకోవాలట, అప్పుడు ఆ తడి చర్మంలోనే నిలుస్తుందట. ఎండలో టోపీ, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలట. మీది సిమెంటు పని అని చెబితే, సిమెంటు చేతుల మీద ఎండనివ్వకుండా ఎప్పటికప్పుడు మంచినీళ్లతో కడుక్కోమని మరీ మరీ చెప్పింది. మీ చేతులు ఎలా ఉన్నాయి?

ఇట్లు,
మీ ఇంటి మనిషి

తా.క. అడగడం మర్చిపోయాను, మీ చేతులు ఎలా ఉన్నాయి? (పైన అడిగావుగా అంటున్నారు అత్తయ్య.)

ఇంకో తా.క. మీరు వదిలి వెళ్లిన సబ్బు ముక్క స్నానాల గదిలో గూట్లో అలాగే ఉంది. ఎవరూ వాడలేదు. ఎండిపోయి పగుళ్లిచ్చింది. దానికీ నూనె రాయాలేమో.

•

అమ్మకు నమస్కారం. నీకు ఏమని రాయాలో అమ్మ ముందు తోచక ఇంత చోటు ఖాళీ వదిలాను.

నేను క్షేమం. రేకుల షెడ్డులో అందరం కలిసి పడుకుంటున్నాం. చేతుల సంగతి రెండుసార్లు అడిగావు. ఎందుకడిగావో నాకు తెలుసు. చదవగానే తల దించుకున్నాను.

నువ్వు చెప్పినవన్నీ ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. స్నానం కాగానే తడి మీదే నూనె రాస్తున్నాను. అంచు వెడల్పు టోపీ కొన్నాను. సిమెంటు అంటితే వెంటనే కడుగుతున్నాను. "గోడకు నీళ్లు కొట్టరా అంటే చేతులకు కొట్టుకుంటున్నాడు" అని షెడ్డులో వాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ. నీకు నచ్చేలా మార్చుకుంటాను.

ఇట్లు,
నేను

తా.క. పొద్దున నూనె చేతులతో తాపీ పట్టుకుంటే జారి పెద్దమేస్త్రి కాళ్ల ముందు పడింది. బొటనవేలు దక్కింది. ఆయన నాకు వెన్నపూస అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇటుకలు మోసేవాళ్లు కూడా అలాగే పిలుస్తున్నారు.

•

వెన్నపూస గారికి,

నమస్కారం. (అలా రాయకూడదు, కొట్టెయ్ అన్నారు అత్తయ్య. ఆవిడే ముందు నవ్వారు కాబట్టి కొట్టెయ్యలేదు.)

మీ ఉత్తరం ఎప్పటిలాగే మాట కింద వేలు పెట్టుకుంటూ చదివాను. వేలు తీస్తే నాకు వరస తప్పుతుంది కదా. అత్తయ్య నా భుజానికి ఆనుకుని కూర్చుని విన్నారు. ఎందుకడిగానో మీకు తెలుసని రాసిన చోట ఆగి కళ్లు తుడుచుకున్నాను. "దుమ్మా?" అని అడిగారు అత్తయ్య. దుమ్మేనన్నాను. మీకు తెలిసిపోయిందంటే నాకు ఎంత సిగ్గుగా ఉందో, అంత హాయిగానూ ఉంది.

మొన్న మళ్లీ ఆస్పత్రికి వెళ్లాం. నీళ్లు బాగా తాగాలట. బీడీ ముట్టకూడదట. వేళకు నిద్రపోకపోతే చర్మం వాడిపోతుందట. ఈమధ్య నా చర్మం కొంచెం వాడుతోంది. రాత్రిపూట మన వీధి తలుపు గాలికి కిర్రుమన్నప్పుడల్లా మెలకువ వస్తోంది. ఇది చదివితే అత్తయ్య, "నిద్ర పట్టకపోతే పగలు రెండు పనులు ఎక్కువ చెబుతాలే" అన్నారు.

నిప్పులు చెరిగే ఎండలు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఉండకండి.

ఇట్లు,
మీ ఇంటి మనిషి

తా.క. పెద్దమేస్త్రి గారు సెలవు ఇస్తానన్నారని వెళ్లేటప్పుడు చెప్పారు కదా, ఎప్పుడో కనుక్కోమన్నారు అత్తయ్య. (నేనెప్పుడు కనుక్కోమన్నాను అంటున్నారు. అయినా రాసేశాను.)

•

అమ్మకు నమస్కారం. నీకు మళ్లీ ఖాళీ.

నీ చర్మం వాడిపోతోందని చదివి ఆ పూట నాకు అన్నం సహించలేదు. వెంటనే మందుల షాపుకు పరిగెత్తాను. షాపు అమ్మాయి మంచి క్రీము ఇచ్చింది. నీకొక డబ్బా ఇందుతో పాటు పంపుతున్నాను. నాకూ ఒకటి తీసుకున్నాను. తలుపు చప్పుడుకు భయపడకు, గడియ గట్టిగా వేసుకో.

ఇంకొక మంచి వార్త. నాకు సెలవు దొరికింది. కానీ మన వైపు వచ్చేది ఇసుక లారీ ఒక్కటే. అది మిట్టమధ్యాహ్నం బయలుదేరుతుంది, పైన కప్పు లేదు. ఆ వేళ ఎండలో ఉండొద్దని నువ్వు రాసిన ఉత్తరం జేబులోనే ఉంది. అందుకని సెలవు పక్కవాడికి ఇచ్చేశాను. భవనం లోపలి గోడల పని అడిగి తీసుకున్నాను. అంతా నీడే. ఉండడానికి మెట్ల కింద గది కూడా ఇచ్చారు, నేనొక్కడినే. పని అయ్యేసరికి చలికాలం వస్తుంది. అప్పటికి చేతులు పూర్తిగా మెత్తబడతాయి. మెత్తబడ్డాకే వస్తాను. నీ మాట జవదాటలేదని సంతోషిస్తావని తలుస్తాను.

ఇట్లు,
నేను

తా.క. నా మొహం నిగనిగలాడుతోందని షాపు అమ్మాయి అంది. అలవాటు మానొద్దని కూడా చెప్పింది.

•

ఎండ తగలని గదిలో ఉన్న మీకు,

నమస్కారం. మీరు క్షేమం. మీ మొహం క్షేమం. షాపు అమ్మాయి కూడా క్షేమమని తలుస్తాను.

సెలవు పక్కవాడికి ఇచ్చారని చదివాక అత్తయ్య ఆ ముక్క మళ్లీ చదివించుకున్నారు. తర్వాత, "వీడిని కన్నప్పుడు మంత్రసాని ఏమైనా కింద పడేసిందా" అన్నారు. మధ్యాహ్నపు లారీ ఎక్కొద్దని నేను రాయలేదు. టోపీ పెట్టుకుని ఎక్కవచ్చని కూడా రాయలేదు కాబట్టి తప్పు నాదే.

క్రీము అందింది. అత్తయ్య డబ్బా తీసుకుని, మూత మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. ఏమిటని అడిగితే బొమ్మ బాగుందన్నారు. మూత మీద బొమ్మ లేదు. సగం మడమలకు రాశారు, నునుపు తేలాయి. మిగిలింది వీధి తలుపు బందులకు రాశారు. ఇప్పుడు తలుపు చప్పుడే చెయ్యడం లేదు. గాలి వచ్చినా తెలియదు, మనిషి వచ్చినా తెలియదు. రాత్రిళ్లు లేచి చూడాల్సిన పని తప్పింది. మీరు చలికాలంలో వచ్చినా పొద్దున్నే లేచాక చూసుకుంటాం.

చేతులు మెత్తబడ్డాకే వస్తానని ఎందుకు రాశారు? ఆ మాట నర్సమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఎవరు చెప్పారు?

ఇట్లు,
ఈ ఇంటి మనిషి

తా.క. నిన్న అత్తయ్య మీ సబ్బు ముక్కతో గుడ్డలు ఉతకబోతే చేతిలోంచి లాక్కున్నాను. పెద్దవాళ్ల చేతిలోంచి లాక్కోవడం నా జన్మలో అదే మొదలు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

•

అమ్మకు నమస్కారం.

ముందు షాపు అమ్మాయి సంగతి. ఆవిడకు మనవలున్నారు. తండ్రి షాపు నడిపిన రోజుల్లో అందరూ అమ్మాయి అనేవారట, అదే ఉండిపోయింది. నా మొహం గురించి అన్నప్పుడు ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటోంది.

ఇక్కడి నుంచి కింద గీత గీసిన దాకా అమ్మకు చదవకు.

ఆ రోజు బస్సు కిటికీలోంచి నీ చెయ్యి పట్టుకున్నాను. నిప్పు తగిలినట్టు లాక్కున్నావు. పెళ్లయ్యాక నేను నీ చెయ్యి పట్టుకున్నదే తక్కువ. దారి పొడుగునా నా అరచేతులు చూసుకున్నాను. ఉప్పుకాగితంలా ఉన్నాయి. ఎవరికైనా గుచ్చుకుంటాయి. తర్వాత మొదటి ఉత్తరంలోనే చేతులు ఎలా ఉన్నాయని రెండుసార్లు అడిగావు. నోరు తెరిచి చెప్పలేక అలా అడిగావని అర్థం చేసుకున్నాను. అందుకే ఈ నూనెలు, ఈ టోపీ, ఈ పేరు. మెత్తని చేతులతో వస్తే లాక్కోవని ఆశ. కానీ సిమెంటు మాననిదే అవి పూర్తిగా మెత్తబడేలా లేవు. సిమెంటు మానితే తినేదేమిటి? ఇక నీ ఇష్టం.

______

ఇక్కడ వానలు పడేలా ఉన్నాయి. అమ్మను జాగ్రత్తగా చూసుకో.

ఇట్లు,
నేను

తా.క. బీడీ మానేశాను. అది మాత్రం నీ కోసం కాదు, పెద్దమేస్త్రి గోల పడలేక.

•

మీకు,

ఈసారి నేనూ ఖాళీ వదిలాను. అందులో ఏం రాయాలనుకున్నానో మీరే ఊహించుకోండి.

చదవొద్దన్న చోట వేలు కాగితం మీదే ఉంచి, వానల గురించి చెప్పుకుంటూ పోయాను. చిత్తడి, మబ్బు, ఉరుములు అన్నీ చెప్పాను. "చాలా పెద్ద వానే" అన్నారు అత్తయ్య. ఈ ఉత్తరం మాత్రం ఆవిడకు చదవకుండానే మడుస్తాను.

మీ చేతులు గరుకని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రోజు పొద్దున గిన్నెలన్నీ బూడిదతో తోమాను. నా వేళ్లు చిట్లిపోయి ఉన్నాయి. మీరు పట్టుకోగానే ఈ పిల్లవి చేతులా, పీచా అనుకుంటారని లాక్కున్నాను. అది ఒక కారణం. అత్తయ్య చూస్తున్నారు, అది ఇంకొకటి. అసలు కారణం చెబితే నవ్వకండి. మీరు ఇంకొక్క క్షణం వదలకుండా ఉంటే నేను ఆ బస్సు ఎక్కేసేదాన్ని.

తడి ఆరకముందే చెయ్యవలసింది చెయ్యాలంటుంది నర్సమ్మ. బస్సు దుమ్ము రేపుకుంటూ పోయాక నన్నూ తీసుకెళ్లండి అన్న మాట నోట్లోనే పెట్టుకుని ఇంటికి వచ్చాను. పైకి చెప్పే ధైర్యం లేక నూనె రాసుకోమన్నాను, నీళ్లు తాగమన్నాను, నిద్రపొమ్మన్నాను. అన్నిటికీ అర్థం ఒకటే. మీరేమో ఒక్కొక్కటీ తూచా తప్పకుండా చేశారు, ఆ ఒక్కటి తప్ప.

సిమెంటు వెంటనే కడుక్కోండి, అది ఒంటికి మంచిది. మెత్తబడడం మాత్రం ఆపండి. మెత్తని చెయ్యి తగిలితే చీకట్లో ఎవరో అనుకుని అరుస్తాను.

ఇట్లు,
మీ మనిషి

తా.క. ఒరేయ్ నాయనా, ఇది నేను, మీ అమ్మను. అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకో.

చిన్నప్పుడు నాలుగు అక్షరాలు దిద్ది వదిలేశాను. ఎప్పుడో మర్చిపోయాను. నీ భార్య వేలు పెట్టి చదువుతుంది కదా, ఆ వేలు వెంట నా కళ్లూ నడిచాయి. ఇన్ని ఉత్తరాలకు అక్షరాలు తిరిగి వచ్చాయి. చెప్పలేదు. చెబితే ఈ పిల్ల చదివి వినిపించడం మానేస్తుంది. నీ మాటలు దాని గొంతులో వింటుంటే ఇద్దరూ ఇంట్లో ఉన్నట్టుంటుంది నాకు.

మొన్న దాని వేలు ఒకచోట ఉంది, నోరు వానలో ఉంది. వేలి కింద ఉన్నది చదివాను. ఇప్పుడిది నిద్రపోతుంటే, మడిచి దాచిన ఈ ఉత్తరమూ చదివాను. ఇంత తెలివైన ఇద్దరిని నేను ఇంతవరకు చూడలేదు.

మెట్ల కింద గదిలో ఇద్దరు పడతారు. రేపు సాయంత్రం బస్సుకు దీన్ని ఎక్కిస్తున్నాను, ఎండ తగలదులే. దీనికింకా తెలియదు, పొద్దున లేచాక చెబుతాను. ఈ ఉత్తరానికి తపాలా బిళ్ల అంటించడం లేదు, దాని చేతికే ఇచ్చి పంపుతాను. సబ్బు ముక్క పెట్టెలో పెట్టాను. ఇక దాన్ని అరగదియ్యండి.

నాకెవరు చదివి పెడతారని బెంగ వద్దు. ఉత్తరాలు మాత్రం రాస్తూ ఉండండి. నేనే చదువుకుంటాను. పైకే చదువుకుంటాను, ఇల్లు వినాలి.

తలుపు బందులకు రాసిన క్రీము తుడిచేస్తున్నాను. మీరిద్దరూ వచ్చేవేళకు చప్పుడు కావాలి.