కిటికీ గట్టు మీద పదకొండు కప్పులు

అక్కా,

పాపను చూడ్డానికి రాలేదని అలిగావట, బావ చెప్పాడు. నిన్న నీ గుమ్మం దాకా వచ్చానే! కిటికీ గట్టు మీద పదకొండు ఎంగిలి కాఫీ కప్పులు కనిపించాయి. లోపల ఎవరో "ఇంకొంచెం పాలు కాచవే" అంటున్నారు. పురుడై పది రోజులు కాలేదు, నీచేతా కాఫీలు! ఇంకో కప్పు ఎందుకని వెనక్కి వెళ్లిపోయాను.

మా ల్యాబ్‌లో బ్యాక్టీరియాను చంపే వైరస్‌లున్నాయి. ఒక్కో బ్యాక్టీరియాలో దూరినప్పుడల్లా కాస్త రసాయనం బయటికి వదులుతాయి. అది బాగా పేరుకుందంటే, ఇప్పటికే చాలా వైరస్‌లు వచ్చిపడ్డాయని వెనకొచ్చేవాటికి తెలిసిపోతుంది. ఇంకా చంపితే తమకే నిలువనీడ ఉండదు కాబట్టి, చంపడం మానేసి బ్యాక్టీరియా లోపలే చడీచప్పుడు లేకుండా ఉండిపోతాయి. ఆపాటి ఇంగితం మన చుట్టాలకేదీ?

నా తప్పూ ఉందిలే. ఆ వైరస్‌లు వెనక్కి వెళ్లిపోవు కదా! అందుకే ఆదివారం సంచి సర్దుకుని వస్తున్నా. పదిహేను రోజులు ఓ మూల పడుంటా. నువ్వు హాయిగా పడుకో. పాలు కాచమన్నవాళ్లకు పొయ్యి ఎక్కడుందో నేను చూపిస్తా.

అప్పటిదాకా ఆ కప్పులు మాత్రం కడక్కు. వచ్చేవాళ్లకు కనబడనీ.

నీ చెల్లి