సంతలో పగలగొట్టిన గుడ్డు

నంద్యాల

నాయనకు దండాలు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోనులో నీకు వినపడదని రాస్తున్నాను.

నా కోళ్ల గుడ్లలో రంగు మందు ఉందని ఆళ్లగడ్డలో ఎవరైనా అంటే నమ్మొద్దు. పోయిన వారం సంతలో, నా గుడ్లు కొనే వ్యాపారి ఓబులేసు నా గుడ్డొకటి పగలగొట్టి, ఎర్రటి సొనను అందరికీ చూపించాడు. "ఏందమ్మా ఇది? మేతలో ఏం మందు కలుపుతాండావ్?" అన్నాడు. ఆ ఎరుపు ఎండిన బంతిపూల రేకులదేనని, అవీ మునగాకు పొడీ తప్ప ఏమీ కలపనని చెబితే నవ్వాడు. నా ఒళ్లు మండిపోయింది. మరునాడు అదే మేత ఓబులేసు అంగడికి తీసుకుపోయి, అందరి ముందూ పిడికెడు నోట్లో వేసుకుని నమిలాను. "నువ్వు అమ్మే గుడ్ల కోళ్లకు ఏం మేత పెడతాండారో, అది నువ్వు తినప్పా, చూస్తా" అన్నాను. ఓబులేసు తినలేదు, పైగా ఇక నా గుడ్లు కొననన్నాడు. ఇప్పుడు ఇంటి దగ్గరే అమ్ముతున్నాను.

చేనిగట్టు బంతిపూలు ఎండబెట్టి బస్సులో పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తైలం రాస్తున్నావా?

నిన్న ఓబులేసు పెండ్లాం వచ్చి డజను గుడ్లు కొనుక్కుపోయింది. "మా ఆయనకు చెప్పొద్దక్కా" అంది. సరేనని నేను అనలేదు.

మీ ఇద్దరినీ దేవుడు చల్లగా చూడాలి.

నీ బిడ్డ
సుంకులమ్మ