దారి తప్పిన మామగారి జవాబు

పిస్కాటవే, న్యూజెర్సీ
2024 ఆగస్టు 20, మంగళవారం

చిరంజీవి రాజీవ్‌కి, మామగారు ఈశ్వరయ్య ఆశీర్వదించి రాయునది.

ఆశీర్వాదం ఆచారం కొద్దీ రాశాను. అంతకుమించి అందులో ఏమీ వెతకవద్దు. ఇక్కడ నేను క్షేమం. నా క్షేమం గురించి మీరు మన బంధువులందరికీ పంపిన ఈమెయిల్ చూశాక, ఈ మాట ప్రత్యేకించి చెప్పుకోవలసి వస్తోంది.

ఇన్నేళ్ళూ ఇంటి పిల్లాడనుకుని మిమ్మల్ని నువ్వు అనే పిలిచాను. ఈ ఉత్తరంలో మీరు అంటున్నాను. మర్యాద పెరిగిందని పొంగిపోకండి. బయటివాళ్ళని అలాగే పిలుస్తాం.

చేత్తో ఎందుకు రాస్తున్నానంటే, ఈమెయిల్ అయితే పదిమందికి ఫార్వర్డ్ చేసి పైన మీ వ్యాఖ్యానం తగిలిస్తారు. కాగితమైతే ఒక్కరే కూర్చుని చదవాలి. డాలస్‌లో మీ క్లయింట్ పని ముగించుకుని ఎడిసన్ ఇంటికి చేరేసరికి ఇది మీ పోస్టు డబ్బాలో ఉంటుంది. మీరు ఊళ్ళో లేనప్పుడు నన్ను కనిపెట్టి ఉండమని మా అమ్మాయి విద్యనీ మనవరాలు దియనీ మీరే మా ఇంటికి పంపారు కదా, వాళ్ళూ బాగున్నారు.

ఇక మీ ఈమెయిల్ సంగతి. నేను కారు తాళాలు అప్పగించాలట. మెమరీ క్లినిక్‌లో మీరు తీసుకున్న అపాయింట్‌మెంట్‌కి బుద్ధిగా రావాలట. ఈ ఇల్లు అమ్మేసి పెద్దవాళ్ళ హోమ్‌లో చేరే విషయం ఆలోచించాలట. తాళాలు ఇవ్వను. క్లినిక్‌కి రాను. ఇల్లు అమ్మను. కారణం తెలియాలంటే ఆ కాంపింగ్ సంగతి మొదటినుంచీ చెప్పాలి. మీరు అందరికీ దాని తోక మాత్రమే చూపించారు.

ఆడిరాండాక్ కొండల్లో మనం మొన్న వెళ్ళిన ఆ సరస్సు దగ్గరికి నేను మొదటిసారి వెళ్ళినప్పుడు విద్యకి ఆరేళ్ళు. ఆస్పత్రిలో నాతో పనిచేసే డాక్టరు ఒకాయన పాత టెంట్ అరువిచ్చాడు. మీ అత్తగారు కామేశ్వరి పులిహోర కలిపి పెట్టుకుని, అడవిలో కటిక నేలమీద పడుకోవడానికి ఇంత దూరం రావాలా అని దారి పొడుగునా సణిగింది. తెల్లారి లేచి నీళ్ళమీద పొగమంచు కదలడం చూసి, వచ్చే ఏడు కూడా ఇక్కడికే వద్దామంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ప్రతి వేసవీ వెళ్ళాం. విద్య ఈత నేర్చుకున్నది అక్కడే, తెడ్డు పట్టింది అక్కడే. ఇంకా హైస్కూలుకి కూడా రాకముందే ఒక్కతే టెంట్ వేసేది. నేలమీద రాలిన పైన్ ఆకులు ఎటు కొట్టుకుపోయి చారలు కట్టాయో చూసి, వాన పడితే నీళ్ళు ఎటు పారతాయో చెప్పేది. అది నేను నేర్పింది కాదు. తనే కనిపెట్టింది.

ఇదంతా మీకు తెలియదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారీ అడగలేదు.

ఈసారి మీరు మీ స్నేహితుడు ఫణినీ, అతని భార్య అంకితనీ కూడా పిలిచి, రెండు కార్లనిండా సామాను వేసుకుని బయల్దేరారు. నన్ను రమ్మన్నది విద్య. మీకు ఇష్టం లేదని కారులో ఎక్కినప్పుడే తెలిసింది. అయినా వచ్చాను. కామేశ్వరి పోయాక ఆ నీళ్ళు చూడలేదు.

కాంప్‌గ్రౌండ్ చేరగానే విద్య మనకిచ్చిన స్థలమంతా ఒకసారి కలయతిరిగి, చెట్లకింద కొంచెం మెరక మీద టెంట్ వేద్దామంది. మీరు నవ్వారు. లేక్ వ్యూ కోసం ఇంతదూరం డ్రైవ్ చేసి చెట్ల వెనక దాక్కుంటామా అని ఫణితో అన్నారు. కింద చదునుగా ఉన్నచోట వేయించారు. విద్య మేకులు కొడుతుంటే మీరు వెనకే తిరిగి ఒక్కొక్కటీ పీకి మళ్ళీ కొట్టారు. తను మారుమాట అనలేదు. అప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది. నా కూతురు మారుమాట అనకుండా ఉండే మనిషి కాదు.

తెల్లవారుజామున వాన వచ్చింది. మీరు ఏరికోరిన చదును నేల చెరువైంది. దియ స్లీపింగ్ బ్యాగ్ తడిసి ముద్దయింది. నా టెంట్ మెరక మీదే వేసుకున్నాను గనక పిల్లని నేను తెచ్చి పడుకోబెట్టుకున్నాను. పొద్దున్నే కాఫీల దగ్గర మీరు ఫణికీ అంకితకీ చెప్పిన కథ ఏమిటి? విద్య రెయిన్ కవర్ తాళ్ళు సరిగ్గా కట్టలేదు, చెబితే వినదు, ఏ పనీ పూర్తిగా చేయదు అని. నీళ్ళు వచ్చింది కిందనుంచి. కవర్ ఉన్నది పైన. ఇంజనీరింగ్ చదివిన మనిషికి ఇది తెలియదనుకోను. తెలిసే అన్నారు. అంకిత ఇబ్బందిగా నవ్వింది. విద్య తడిబట్టలు పిండుతూ ఉండిపోయింది.

ఎండ కాశాక కాంప్‌గ్రౌండ్ వాళ్ళ దగ్గర కెనూ పడవ అద్దెకి తెచ్చారు. విద్య ముఖంలో నాకు ఆ ఒక్కసారే వెలుగు కనపడింది. లైఫ్ జాకెట్ వేసుకుని, దియకి వేసి, వెనక సీట్లో కూర్చుని తెడ్డు అందుకుంది. మీరు గట్టుమీదనుంచి అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మతి పోయిందంటున్నారు కదా, సరిచూసుకోండి.

"దిగు విద్యా. నీకు బాలెన్స్ లేదు, ఏం లేదు. అందరిముందూ పరువు తీయకు."

దిగింది. తెడ్డు మీకిచ్చి దిగింది. మీరు దియని ఎక్కించుకుని బయల్దేరి, ఒకే వైపు తెడ్డు వేస్తూ చాలాసేపు అక్కడక్కడే గుండ్రంగా తిరిగారు. గట్టున నిలబడి నేను చూశాను. విద్య చూడలేదు. తల వంచుకుని లైఫ్ జాకెట్ విప్పుకుంటోంది.

మీరు తిరిగొచ్చాక దియ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. వాళ్ళమ్మ పక్కనే ఉంది.

"తాతా, అమ్మకి ఏమీ రాదు కదా? ఎవ్రీథింగ్ డాడీయే చెయ్యాలి," అని నవ్వింది.

పిల్ల తప్పేం లేదు. ఇంట్లో రోజూ విన్నదే అప్పజెప్పింది. మీరు దాని తల నిమిరి, మా దియ అంతా అబ్జర్వ్ చేస్తుంది అని మురిసిపోయారు. ఆ క్షణంలో నేను మిమ్మల్ని అసహ్యించుకున్నాను. ఇప్పటికీ అంతే. పెద్దవాణ్ణి, ఇలా రాయకూడదంటారేమో. రాశాను.

ఆ మధ్యాహ్నం నేను కనబడలేదన్నది నిజం. మీరు వెతికారు, రేంజర్లని పిలిచారు. పొద్దు వాలాక విద్యతోపాటు తిరిగి వచ్చి, కాలిబాట చీలిన చోట తప్పు దారి పట్టానని, విద్య వెతుక్కుంటూ వచ్చి నన్ను పట్టుకుందని రేంజర్ అమ్మాయితో చెప్పింది నేనే. అదీ నిజం. ఆ అమ్మాయి నాకు నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడిగింది. మీరు అది కూడా అడగలేదు. ఫణి, అంకిత, పక్క టెంట్లవాళ్ళు అందరూ చూస్తుండగా,

"మామయ్యగారూ, మీరు ఇక మాకు లయబిలిటీ," అన్నారు.

తర్వాత విద్యవైపు తిరిగి, ముసలాయన మీద కన్నేసి ఉంచడం కూడా చేతకాదా అన్నారు.

మర్నాడు టెంట్లు పీకి ఇంటిదారి పట్టాం. దారిలో రెస్ట్ ఏరియాలో ఆపి, ఫోన్‌లో చూసుకుంటూ నాకు పరీక్ష పెట్టారు. ఈ రోజు ఏ వారం? ఇది ఏ రాష్ట్రం? వరల్డ్ అనే మాట స్పెల్లింగ్‌ని వెనకనుంచి చెప్పండి. ఫ్రెంచ్ ఫ్రైస్ కింద పరిచిన కాగితం తిరగేసి, గడియారం బొమ్మ గీసి ముళ్ళు పెట్టమన్నారు. నేను న్యూరాలజిస్ట్‌ని, రాజీవ్ గారూ. ఆ పరీక్ష నా చేతులమీదుగా ఎన్నివేలమందికి పెట్టానో. పెట్టేముందు తలుపు వేసేవాణ్ణి. రోగి మనవల్ని బయట కూర్చోబెట్టేవాణ్ణి. రోగి తడబడితే కిటికీలోంచి చూస్తున్నట్టు నటించి టైమిచ్చేవాణ్ణి. మీరు దియని పక్కన పెట్టుకుని, తాతయ్య కరెక్ట్‌గా చెప్పాడో లేదో చూడు అన్నారు. అన్నిటికీ సరిగ్గానే చెప్పాను. అయినా ఈమెయిల్‌లో "కొంత ఆలస్యంగా స్పందించారు" అని రాశారు. ఆలస్యమైంది జవాబు తట్టక కాదు, చేతిలో ఉన్న కాఫీ మీమీద పోయకుండా ఆపుకోవడానికి.

ఇదీ జరిగింది. మీ ఈమెయిల్ అందుకున్న వాళ్ళకి నేను వివరణ ఇచ్చుకోను. ఫోన్ చేసి జాలిపడిన వాళ్ళకి థాంక్స్ చెప్పి పెట్టేశాను. మా తమ్ముడు మాత్రం, అన్నయ్యా, నువ్వు నిజంగా దారి మర్చిపోయావా అని అడిగి ఏడ్చాడు. వాణ్ణి ఏడిపించినందుకు మిమ్మల్ని క్షమించను.

ఇకమీదట నా ఆరోగ్యం గురించి ఎవరికీ ఏమీ రాయవద్దు. నా గడప తొక్కాలంటే ముందుగా అడగండి. రావద్దంటాను, అయినా అడగండి.

ఇట్లు,
మీ శ్రేయస్సు కోరవలసిన వరస గలిగిన,
ఈశ్వరయ్య

తా.క. పై ఉత్తరం ముగించి, సంతకం చేసి విద్యకి చూపించాను. చదివి, అసలు సంగతి రాయలేదేం నాన్నా అంది. రాస్తేగాని పోస్టు చేయనివ్వనంది. కాబట్టి తన అనుమతితో, తను ఎదురుగా కూర్చుని ఉండగా రాస్తున్నాను.

ఆ రోజు నేను దారి తప్పలేదు. భోజనాలయ్యాక విద్య మంచినీళ్ళు తెస్తానని క్యాన్ పట్టుకుని బయల్దేరింది. కుళాయి కుడివైపు. తను ఎడమవైపు కాలిబాట పట్టింది. మీరు స్పీకర్‌లో పాటలు మారుస్తున్నారు, చూడలేదు. నేను వెనకాలే నడిచాను. కొండమీదినుంచి వచ్చే ఏరు సరస్సులో కలిసేచోట, రాతిమీద కూర్చుని ఉంది. బూట్లు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. ఆ నీళ్ళు ఎండాకాలంలోనూ మంచుగడ్డే. కాళ్ళు ఎర్రగా కందిపోయినా తనకి తెలియడం లేదు. పక్కన కూర్చున్నాను. ఈ బాటన పోతే మెయిన్ రోడ్డు వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను. అక్కడ బస్సు దొరుకుతుందా అని అడిగింది.

"నేను ఆ టెంట్‌లోకి మళ్ళీ వెళ్ళలేను నాన్నా. రాజీవ్ అన్నదానికి కాదు. దియ నవ్వింది చూడు, దానికి."

తర్వాత ఇన్నేళ్ళవీ చెప్పింది. అవి నేను రాయను. వినవలసిన లాయరు వింటుంది. పొద్దు కొండవెనక్కి దిగేదాకా మేమున్నవైపు ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. దియని వదిలి పోలేనని తనే లేచింది. లేచి, అడుగు వేయలేక నిలబడిపోయింది. ఎక్కడికెళ్ళావు అంటాడు నాన్నా, ఏం చెప్పను అంది. మందుల కంపెనీలో ఒక ల్యాబ్ మొత్తాన్ని నడిపించే మనిషి. చేతులు వణుకుతున్నాయి. వణుకుల గురించి నాకు కొంత తెలుసు. అది చలికి వచ్చింది కాదు.

నేను దారి తప్పానందాం, నువ్వు వెతకడానికి వచ్చావందాం అన్నాను. ముసలివాడు దారి తప్పాడంటే రెండో ప్రశ్న ఎవరూ వేయరు. రెస్ట్ ఏరియాలో మీ పరీక్ష జరుగుతుంటే విద్య నిజం చెప్పేయబోయింది. బల్లకింద చెయ్యి పట్టి ఆపాను. కానీ మీ ఈమెయిల్ వచ్చిన రోజు తను ఇక్కడికి వచ్చి, "నన్ను దాచడానికి నువ్వు మతిపోయినవాడివి అయ్యావు. ఇక చాలు నాన్నా," అంది.

ఈసారి నాకు కాపలాకని మీరు పంపారు. తను ఉండిపోవడానికే వచ్చింది. దియకి ఆ ఏటిగట్టు సంగతి విద్యే చెప్పింది, నా ముందే. పిల్ల లేచి వెళ్ళి, అమ్మని ఆనుకుని కూర్చుంది.

దియని చూడాలనుకుంటే విద్యకి ఫోన్ చేయండి. మాట్లాడాలా వద్దా అన్నది తన ఇష్టం. ఎక్కడున్నావని మాత్రం అడగకండి. ఎక్కడుందో ఇప్పుడు మీకు తెలుసు.