పావులు కదపకు

మందమర్రి, 1965 మార్చి 2

"ఇప్పుడే వస్త, పావులు కదపకు" అన్నాడు గోపాలరావు. నలభై ఏళ్ల కిందటి మాట. కరీంనగర్‌లో, గ్రంథాలయం అరుగు మీద. ఇంకో రెండు ఎత్తులు వేస్తే అతని రాజు చిక్కేవాడు. దీపాలు పెట్టేదాకా కూర్చున్నాను. రాలేదు. నాతో, ఈ శంకరయ్యతో, ఆట సమానంగా పోయిందని తర్వాత ఊరంతా చెప్పుకున్నాడట. సమానం!

ఆ పెద్దమనిషి ఇప్పుడు నస్పూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. అల్లుడు రాజయ్యతో కబురు పంపాను — ఆట ఇంకా మిగిలే ఉంది, వచ్చి పూర్తి చెయ్యమని. ఉగాది లోపల వస్తానన్నాడట.

ఈ డైరీలో ఇంత సంతోషంగా రాసి ఎన్నేళ్లయిందో.

మార్చి 3

అడ్డం పడింది నా రక్తమే. తల దిమ్ము, పాదాల వాపు. దవాఖానలో డాక్టరమ్మ బి.పి. చూసి పెదవి విరిచింది.

"సారూ, గింత బి.పి. పెట్టుకొని గంటలకు గంటలు చదరంగమా? జర ఆగుండ్రి. ముందు గిది దిగాలె."

కొత్త రకం మాత్ర ఇచ్చింది. ఒంట్లో ఎక్కువైన నీటినీ ఉప్పునూ ఒంటేలు దారిన పంపేస్తుందట. రోజుకు ఒక్కటే, పొద్దున. ఒకరోజు మరిచిపోతే మరునాడు రెండు మింగకూడదు. నా అంతట నేను మానకూడదు. కూర్చున్నచోటి నుంచి దిగ్గున లేవకూడదు. వాంతులో విరేచనాలో అయితే వెంటనే వెళ్లి చెప్పాలి. మామిడి తొక్కు బంద్. అరటిపండో సంత్రానో తినాలి — నీటితో పాటు పొటాషియం కూడా పోతుంది గనుక.

ఇంటికొచ్చి ఇంగ్లీషు వైద్యగ్రంథం తిరగేశాను. అన్నీ నిజాలే చెప్పింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు... కొంచెం నిరాశ.

మార్చి 4

బిడ్డ సుశీల ఏర్పాటు: "బాపూ, నువ్వు మరుస్తవు. ఆయన డ్యూటీకి పోయెటప్పుడు టిఫిన్ సదురుత గద, గప్పుడే నీ గోలి గూడ చేతిల పెడత."

బాగానే ఉంది. ఈ ఇంట్లో చాయ్, స్నానం, నిద్ర అన్నీ బొగ్గుబాయి సైరన్‌తోనే. నా గోలి కూడా ఆ లెక్కలోనే.

మార్చి 7

పగలంతా పెరటి దారే. అయినా చెప్పులు కాళ్లకు పడుతున్నాయి! చదరంగం పలక ముందేసుకుని కళ్లు మూసుకున్నాను. ఆనాటి నా ఏనుగు, అతని గుర్రం, మూలన బిక్కచచ్చిన అతని రాజు — ఒక్కటీ మరువలేదు. ద్వేషానికి జ్ఞాపకశక్తి ఎక్కువ.

మార్చి 11

అల్లుడికి ఈ వారం రెండో షిఫ్టు. సాయంత్రం పక్కింటి ఖాజామియాతో సాధన. ఎత్తు వేయడం, లేవడం, పెరట్లోకి పోవడం. తిరిగొచ్చేసరికి వేసుకున్న పన్నాగం గాలికి పోయేది.

"ఆయియే మాస్టర్‌సాబ్. మీరు లేకుంటె మీ వజీరు పరేషాన్ అవుతుండు" — ఖాజామియా.

ఓడాను. ఖాజామియా చేతిలో! ఇరవై ఏళ్లయినా గుర్రం ఎలా దూకుతుందో నన్నే అడిగే మనిషి చేతిలో.

మార్చి 17

రాత్రంతా పెరటి దారే, నిద్ర లేదు. నిన్నా లేదు. గోలి మానేస్తే?... మానేస్తే బి.పి. ఎక్కుతుంది, డాక్టరమ్మ ఆట మాన్పిస్తుంది. గోపాలరావు మళ్లీ తప్పించుకుంటాడు. మానను.

మార్చి 19

చీకట్లో లేచి గడప తట్టుకుని పడ్డాను. మోకాలు దోక్కుపోయింది, అంతే. తెల్లవారగానే డాక్టరమ్మను కడిగేద్దామని బయల్దేరాను. సుశీల వెంట వచ్చింది.

"గోలి ఏ టైముకు ఇస్తున్నరు?" అని దాన్ని అడిగింది డాక్టరమ్మ.

"ఆయన డ్యూటీకి పోయెటప్పుడమ్మా. ఒక్క దినం తప్పలే."

"మీ ఆయనకు గీ వారం ఏ షిఫ్టు?"

"రాత్రి షిఫ్టు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఏంది సుశీలా, మీ ఇంట్ల పొద్దు గూడ షిఫ్టు చూసుకొనే పొడుస్తదా?"

మొదటి వారం తెల్లవారుజామున, రెండో వారం మధ్యాహ్నం, ఈ వారం పడుకునే ముందు — అల్లుడితో పాటు నా గోలి కూడా షిఫ్టులు మారింది! సుశీల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. బీరువా నిండా పుస్తకాలు చదివిన ముసలాడికి ఈ సంగతి తట్టలేదు.

రాత్రి గోలి ఇక వద్దు, రేపటి నుంచి పొద్దటి రేడియో వార్తలతో వేసుకోమంది. బి.పి. మాత్రం దిగింది. ఆడుకోవచ్చునట. నడుమ నడుమ లేవాలి, మెల్లగా.

దారిలో సంత్రాలు కొన్నాం. సుశీల ఇంకా నవ్వుతూనే ఉంది.

మార్చి 24

గాఢనిద్ర. ఖాజామియా రెండుసార్లు ఓడాడు.

మార్చి 28

వచ్చాడు! జుట్టు పోయింది, మీసం అలాగే ఉంది. పలక చూపించాను.

"గిట్లనే ఉండెనా?" అని చాలాసేపు చూశాడు. కాదనలేకపోయాడు.

అతని వంతు. నలభై ఏళ్లుగా నేను ఊహించిన ఎత్తు కాదు, వేరేది వేశాడు. దొంగ! రాజు బయటపడ్డాడు. కోపం రావాలి గదా... ఎంత ఆనందం. ఒళ్లంతా చురుకు. మళ్లీ తరిమాను, మళ్లీ మూలకు తోశాను. చాయ్ చల్లారిపోయింది. ఇంకొక్క ఎత్తు...

దిగ్గున లేచాడు. "ఇప్పుడే వస్త, పావులు కదపకు."

అవే మాటలు! ఈసారి పోనివ్వనని చొక్కా పట్టుకుని గుంజాను. అప్పుడే మనిషి తూలాడు. పట్టుకోకపోతే బండల మీద పడేవాడు. మెల్లగా చాప మీద పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టాను.

"కండ్లు తిరుగుతున్నయిర శంకరం."

"ఏం మింగినవ్?"

"బి.పి. గోలి. నీళ్లది. నిన్న మరిసిన. ఇయ్యాల బస్సుల తిప్పలైతదని పొద్దుగాల ఏసుకోలే. ఈడ బస్సు దిగంగనే రెండు ఏసుకున్న."

"మరిచింది మరిచినట్టే ఇడిచిపెట్టాలెర గాడిదా! రెండెట్ల మింగినవ్?"

"ఇన్నేండ్లకు గలిస్తె గూడ తిట్లేనా?"

ఖాజామియా పరుగెత్తి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. చూసింది. ప్రాణానికి ఫికర్ లేదంది. రాత్రికి కదలొద్దని, తాను చెప్పేదాకా గోలి ముట్టొద్దని అంది. నా మంచం అతనికిచ్చాను. గురక — ఆటకన్నా అదే గట్టిది.

మార్చి 29

కొడుకు వచ్చి తీసుకుపోయాడు. గడప దాటుతూ ఆగాడు గోపాలరావు.

"శంకరం, ఆనాటి ఆట సమానమే గదర?"

"నడువ్. మెల్లగ నడువ్. మళ్లొచ్చెటప్పుడు పొద్దుగాలనే గోలి ఏసుకొని, తిప్పలైపోయినంక బస్సెక్కు."

పలక మీద సుశీల గంప బోర్లించింది. "బాపూ, గిది ఎన్నొద్దులు గిట్లనే ఉండాలె?"

పొద్దటి వార్తలు విన్నాను. గోలి, సంత్ర అయ్యాయి. ఆట మళ్లీ సగంలో ఆగింది. తప్పు గోలిది కాదు. బస్సుది కాదు. పాపం డాక్టరమ్మది అసలే కాదు. ఆనాడూ ఈనాడూ ఒక్కడిదే — గోపాలరావుది.